స్క్రబ్ నడుస్తుంటే డిస్కులు ఊడిపోతున్నాయి: కార్డు వేడా, డ్రైవరా?

భీమవరంలో రొయ్యల మేత గోదాము లెక్కలుండే సర్వర్ ఇది. ఎస్‌ఏఎస్ 2008 చిప్ ఉన్న, డిస్కులను కలిపే కార్డు, ఐటీ మోడ్ (రెయిడ్ లేకుండా డిస్కులను నేరుగా చూపేది), ఫర్మ్‌వేర్ 20.00.07.00. ఉబుంటు 22.04, ఎంపీటీ3ఎస్‌ఏఎస్ డ్రైవర్, జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థలో నాలుగు 4 టీబీ సాటా డిస్కులు.

బూట్‌లో నాలుగూ కనిపిస్తాయి. స్క్రబ్ (డిస్కుల్లోని డేటా అంతా చదివి సరిచూసే పని) మొదలైన ఇరవై నిమిషాలకు రెండు మాయం. కెర్నల్ లాగ్ నిండా 31080000 కోడే. అంటే ఒక్క కమాండ్ దెబ్బతింటే క్యూలో ఉన్నవన్నీ దానితోపాటే పోతున్నాయి.

కేబుల్ మార్చాం, స్లాట్ మార్చాం. డిస్కు తన ఆరోగ్యం రాసుకునే స్మార్ట్‌లో 199వ నంబరు, అదే డేటా రవాణా తప్పుల సీఆర్‌సీ లెక్క, ఒక్కటి కూడా పెరగలేదు. కాబట్టి కేబుల్ మీద అనుమానం లేదు. క్యూ డెప్త్ (డిస్కుకు ఒకేసారి పంపే కమాండ్ల సంఖ్య) 1కి దించితే స్క్రబ్ పూర్తవుతోంది, కానీ మరీ నత్తనడక.

హీట్‌సింక్ మీద వేలు రెండు సెకన్లు కూడా ఆగదు. విప్పి చూస్తే పేస్టు ఎండి సున్నంలా రాలింది. ఈ కార్డులు సర్వర్ పెట్టెల్లోని బలమైన గాలికి చేసినవి. మాది మామూలు క్యాబినెట్, పైగా ఇక్కడి ఉక్క సంగతి తెలిసిందే.

కొత్త పేస్టు, 40 ఎంఎం ఫ్యాను సరిపోతాయా? లేక ఫ్లాష్ చెరిపి ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించాలా? చెరిపితే పోయే ఎస్‌ఏఎస్ అడ్రసు (కార్డు గుర్తింపు నంబరు) స్టిక్కర్ మీంచి రాసిపెట్టాం. ఎన్‌సీక్యూ (డిస్కు చాలా కమాండ్లను క్యూలో పెట్టుకుని వరుస మార్చి చేసే పద్ధతి) ఒక్కటే ఆపి నడిపినవాళ్లుంటే వేగం ఎంత తగ్గిందో కూడా చెప్పండి. బ్యాకప్ వేరే డిస్కులో ఉంది, ఏ పరీక్షకైనా సిద్ధం.