పక్షాంతరం చేస్తే గుర్తు ఎందుకు మారుతుంది?

ఏడో తరగతి అమ్మ: పుస్తకంలో "5ను పక్షాంతరం చేయగా" అని ఉంది. పక్షం అంటే సమీకరణంలో ఒక వైపు, అది సరే. అంతరం అంటే తేడా కదా? మరి పక్షాల తేడా తీయమనా? ట్యూషన్‌లో "అటు వేస్తే గుర్తు మారుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మావాడు 3య = 15 నుంచి య = 15 − 3 = 12 అని రాసి, గుర్తు మార్చానుగా అంటున్నాడు. (ఎక్స్ బదులు య రాశాను.)

పదాలపిచ్చి: ఇక్కడ అంతరం అంటే తేడా కాదండీ, 'మరొకటి' అని. దేశాంతరం అంటే మరో దేశం, గ్రామాంతరం అంటే మరో ఊరు. అలాగే పక్షాంతరం అంటే మరో పక్షం. అంకశ్రేఢిలో (2, 5, 8 లాగా ఒకే తేడాతో సాగే వరుసలో) పదాంతరం అన్నప్పుడు మాత్రం అది తేడాయే. రెండూ లెక్కల పుస్తకంలోనే ఉండటంతో తికమక సహజం. పక్షం మారితే గుర్తు మారడం మన రాజకీయాల్లోనూ ఉన్నదే కాబట్టి పిల్లలకు సూత్రం ఇట్టే పట్టుబడుతుంది. కారణమే పట్టుబడదు.

లెక్కల పంతులు: కారణం ఇదీ. 3య + 5 = 20. రెండు వైపులా 5 తీసేస్తే 3య + 5 − 5 = 20 − 5. ఎడమవైపు +5, −5 కొట్టుకుపోయాయి, కుడివైపు −5 మిగిలింది. మధ్య మెట్టు రాయకుండా వదిలేస్తే 5 గెంతి అటు వెళ్ళి గుర్తు మార్చుకున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఏదీ ఎటూ వెళ్ళలేదు.

ఇక మీవాడి తప్పు. గుర్తు మార్చి అటు వేయడం పదాలకే చెల్లుతుంది, అంటే కూడికతోనో తీసివేతతోనో నిలబడ్డవాటికి. 3యలో 3 పదం కాదు, గుణకం. దాన్ని వదిలించుకోవాలంటే రెండు వైపులా 3తో భాగించాలి: య = 5. కొందరు భాగిస్తూ కూడా గుర్తు మార్చి 15 ÷ (−3) = −5 అంటారు. అసలు సమీకరణం 3య + 5 = 20లో పెట్టి చూడమనండి. 12 పెడితే 41, −5 పెడితే −10, 5 పెడితేనే 20.

బ్రాకెట్ ఉన్నచోట ఇంకా జాగ్రత్త. 2(య + 3) = 16లో లోపలి 3ను తిన్నగా అటు వేసి 2య = 13 అనేస్తారు. ఆ 3ను బయటి 2 గుణిస్తోంది, కాబట్టి ముందు 2తో భాగించి య + 3 = 8 చేసుకోవాలి. అప్పుడే 3ను ముట్టుకోవచ్చు.

అవ్యక్తం: పక్షం అన్న మాట భాస్కరాచార్యుడి 'బీజగణితం' గ్రంథంలోనే ఉంది (12వ శతాబ్దం). "తుల్యౌ పక్షౌ సాధనీయౌ ప్రయత్నాత్ త్యక్త్వా క్షిప్త్వా వాపి సంగుణ్య భక్త్వా". తీసివేసో, కలిపో, గుణించో, భాగించో రెండు పక్షాలను సమానం చేసుకోమని. తర్వాతి మాట "ఏకావ్యక్తం శోధయేదన్యపక్షాత్", అంటే ఒక పక్షంలోని అవ్యక్తాన్ని (విలువ తెలియని రాశిని) రెండో పక్షం నుంచి శోధించు. శోధన అంటే ఇక్కడ వెతకడం కాదు, తీసివేయడం.

ఆయన లెక్కే చూడండి. ఒకడి దగ్గర 300 రూపాలు, 6 గుర్రాలు. ఇంకొకడికి అదే ధర గుర్రాలు 10, కానీ 100 అప్పు. ఇద్దరి ఆస్తీ సమానం. గుర్రం ధర ఎంత? అప్పట్లో సమాన చిహ్నం లేదు, పక్షాలను ఒకదాని కింద ఒకటి పేర్చేవారు (యా అంటే యావత్తావత్, మన య; రూ అంటే రూపం, తెలిసిన విడి సంఖ్య):

యా 6 రూ 300
యా 10 రూ 100 (ఋణం కాబట్టి అంకె మీద చుక్క)

కింది యా నుంచి పై యా తీస్తే 10 − 6 = 4. పై రూ నుంచి కింది రూ తీస్తే 300 − (−100) = 400. 400ను 4తో భాగిస్తే 100. గుర్తు మార్చమన్న సూత్రం ఎక్కడా అక్కర్లేదు, ఋణాన్ని తీసివేస్తే కలిసిందంతే.

ఏడో తరగతి అమ్మ: మరి 7 − య = 3 లాంటివి? వాడు య = 3 − 7 అంటాడు.

లెక్కల పంతులు: 7ను సరిగ్గానే తీశాడమ్మా, య ముందున్న మైనస్‌ను వదిలేశాడు. 7 తీసేస్తే మిగిలేది −య = −4. అది తడబాటు అనుకుంటే ముందు రెండు వైపులా యనే కలపమనండి: 7 = 3 + య. ఇప్పుడు 3 తీసేస్తే య = 4. కనీసం ఒక నెల పాటు "రెండు వైపులా" అన్న మెట్టును నోట్సులో రాయించండి. మార్కులకు అక్కర్లేకపోయినా సరే.