ఆడిషన్‌కు పోతే యాస మార్చుకోమంటున్నారు, ఏం చేయాలన్నా?

మాది కడప. బట్టల షాపులో పని చేస్తా, రెండేళ్లుగా సినిమా ఆడిషన్లకు తిరుగుతున్నా. పోయిన నెల రాత్రి బస్సెక్కి హైదరాబాద్ పోయినా. కృష్ణానగర్‌లో 5 గంటలు వరుసలో నిలబెట్టి, 'పేరు, ఎత్తు చెప్పు, ఎడమకు తిరుగు, కుడికి తిరుగు' అని నిమిషంలో పంపించేసినారు. డైలాగ్ చెప్తే, 'నీ యాస కత్తులు పట్టే గుంపుకు తప్ప పనికిరాదు' అన్నారు. 1885లో సురభి నాటకం పుట్టింది మా జిల్లాలోనే అని నోటిదాకా వచ్చింది, మింగేసినా.

ఇంట్లోనే సెల్ఫ్ టేప్, అంటే మన నటన మనమే వీడియో తీసి పంపేది, తీద్దామంటే ఇంకో తంటా. గోడకు నీలం దుప్పటి కట్టి, ఏడుపు సీను కుదిరిందనుకునేసరికి పక్కింటి కుక్కర్ మూడు విజిల్లు. ఎదురు డైలాగులు చదవాల్సిన మా చెల్లెలికేమో నవ్వు ఆగదు.

ఇప్పుడు ఒకాయన '15,000 కట్టు, పాత్ర ఖాయం' అంటున్నాడు. నాకు అనుమానమే, అమ్మ మాత్రం కమ్మలు తాకట్టు పెడతానంటోంది. డబ్బులడిగే ఆడిషన్లలో నిజమైనవి ఉంటాయా? మన యాస పోగొట్టుకోకుండా వేరే యాస పలకడం ఎట్ల నేర్చుకున్నారు? షాపులో నెలకు రెండు సెలవులే. ఉద్యోగం వదలకుండా నెట్టుకొచ్చినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండన్నా.