దర్వీష్ పాదంలో “అజ్లా”: మారుమూలా? నిరాయుధమా?

గట్టుమీది చింత: గాజా వార్తలు విన్నప్పుడల్లా పాలస్తీనా కవి మహ్మూద్ దర్వీష్ ‘గుర్తింపు కార్డు’ కవిత నుంచి ఒక పాదం వెంటాడుతోంది. “నాది మారుమూల ఊరు, ఎవరికీ గుర్తులేని ఊరు, వీధులకు పేర్లుండవు…” ఆ తర్వాత మగవాళ్లంతా ఎక్కడున్నారంటాడు?

పాతబస్తీ: పొలంలో, రాళ్ల క్వారీలో. కానీ “మారుమూల” ఎక్కడిదండీ? అరబ్బీ మూలంలో ఉన్నది “అజ్లా”. ఆయుధం లేనిది అని. ఇంగ్లీషు మీదుగా చదివితే ఇదే చిక్కు.

పద్యప్రియ: చిక్కేమీ లేదు. ఆ మాట పుట్టిన ఐన్-జా-లామ్ అనే మూడక్షరాల అరబ్బీ ధాతువుకి విడదీయడం అనే అర్థమూ ఉంది. ఉర్దూలో “ఉజ్లత్” ఏకాంతమే కదా. దర్వీష్ చెవికి ఆ ధ్వని వినబడకుండా ఉంటుందా?

పాతబస్తీ: ధ్వని సరే, వాచ్యార్థం చూడండి. ఇది “అఅజల్”కి స్త్రీలింగం. అరబ్బులకి సిమాక్ అనే పేరుతో రెండు నక్షత్రాలున్నాయి: స్వాతిని ఈటె పట్టిన సిమాక్ అంటారు, మన చిత్తను “అస్సిమాక్ అల్ అఅజల్”, అంటే ఆయుధం లేని సిమాక్ అంటారు. ఆ నక్షత్రాన్ని మారుమూలది అనగలమా?

గట్టుమీది చింత: చిత్తకి అలాంటి పేరుందా! కార్తెల వాళ్లం, మనకి తెలియాల్సిన మాట.

కైఫీయతు: దర్వీష్ పుట్టిన ఊరు అల్‌బిర్వా, అక్కా పట్టణానికి తూర్పున. 1948 జూన్‌లో ఇజ్రాయెల్ సేన పట్టుకుంటే, పంట కోసుకోవడానికి ఊరివాళ్లే తుపాకులతో తిరిగి గెలుచుకున్నారు. కొద్దిరోజులకే మళ్లీ పోయింది. అలాంటి ఊరు నిరాయుధమా?

పద్యప్రియ: మాట్లాడేది దర్వీష్ కాదు మాస్టారూ, ఎనిమిదిమంది పిల్లల తండ్రి, క్వారీ కూలీ. పైగా కవిత వచ్చిన 1964కి అల్‌బిర్వా ఎక్కడిది? ఆ నేల మీద యసూర్ కిబ్బుట్జ్ (యూదుల సమష్టి సాగు ఊరు), అహిహుద్ అనే మరో యూదుల ఊరు వెలిశాయి.

పాతబస్తీ: అందుకే నేను పట్టుబట్టేది. 1966 దాకా ఇజ్రాయెల్‌లోని అరబ్బులు సైనిక పాలన కింద, పర్మిట్లతో తిరిగారు. ఆఫీసరు ముందు నిలబడి “మా ఊళ్లో ఆయుధం లేదు” అనడం వేరు, “మా ఊరు దూరం” అనడం వేరు. 2016లో ఇజ్రాయెల్ ఆర్మీ రేడియో ఈ కవితపై చర్చ ప్రసారం చేస్తే రక్షణమంత్రి లీబర్మన్ మండిపడ్డాడు. ఊరు దూరమన్నందుకు ఎవరికీ అంత కోపం రాదు.

పద్యప్రియ: ఆ కోపం చివరి పాదాల మీదండీ, ఆకలేస్తే దోచుకున్నవాడి మాంసం తింటానన్నచోట. “అజ్లా”కి నా ఓటు “దిక్కులేని ఊరు”. రెండర్థాలూ పలుకుతాయి.

కైఫీయతు: “దిక్కులేని” అంటే జాలి చొరబడుతుంది. ఆ గొంతులో జాలి ఎక్కడుంది? అసలు తర్వాతి మాట “మన్సియ్యా” సంగతేమిటి? “మరిచిపోయిన ఊరు” అంటే ఊరే మరిచిపోయినట్టుంది, “మరవబడిన” అంటే నోరు తిరగదు.