లండన్ పాత వర్తక సంఘాల సాయం మనవాళ్లకు దొరుకుతుందా?

నమస్కారం అండీ. మా చెల్లి లండన్‌లో బేకరీ కోర్సు చదువుతోంది. వచ్చే ఏడాది ఫీజు గురించి ఇంట్లో ఒకటే టెన్షన్. అక్కడి పాత ఆహార వర్తక సంఘాలు చదువులకు సాయం చేస్తాయని తెలిసి కాస్త వెతికాను.

ఈ సంఘాలను అక్కడ 'కంపెనీ' అంటారు. మిరియాల వ్యాపారుల నుంచి పుట్టిన గ్రోసర్స్ కంపెనీ 1345 నాటిది. దాని చిహ్నంలో మూట మోసే ఒంటె ఉంటుంది. (మిరియాలేమో మన మలబారువి, ఒంటె వాళ్లది!) ఔండల్ స్కూల్ బాధ్యత ఇప్పటికీ ఈ కంపెనీదే. 1555లో సర్ జాన్ గ్రెషమ్ పెట్టిన బడిని చేపల వ్యాపారుల సంఘమైన ఫిష్‌మాంగర్స్ కంపెనీ చూసుకుంటోంది. ఒకప్పుడు రొట్టె తూకం తగ్గితే జరిమానా వేసిన బేకర్స్ కంపెనీ ఇప్పుడు బేకరీ చదువులకు అండగా నిలుస్తోంది. మాకు కావలసింది ఇదే.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అప్లై చేయొచ్చా? సంఘంలో సభ్యులెవరైనా సిఫారసు చేయాలా? సంఘం వ్యవహారాలు చూసే క్లర్క్‌కు నేరుగా రాయాలా, కాలేజీ ద్వారా వెళ్లాలా? ఫీజుకే ఇస్తారా, లేక పోటీలకు, పనిముట్లకు మాత్రమేనా? అక్కడ చదివినవాళ్లు, ఇలాంటి సాయం అందుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. దరఖాస్తులో ఏం రాశారో చెప్పినా చాలు.