సమస్య: చనిపోయిన పిదప పుట్టె చక్కని కవియై

నిర్వాహకుడు: ఈ వారం కందం. పైన ఇచ్చిన సమస్య చివరి పాదంగా వచ్చేలా మిగతా మూడు పాదాలు రాయాలి. నకార ప్రాస, తొలి అక్షరం లఘువు. 1850-70 మధ్య ప్రపంచంలో ఏ మూలనైనా రాసిన కవి మీద పూరించాలి. దయ్యాలు, పునర్జన్మలు వద్దు. జరిగిన జీవితంలోంచే విరుపు రావాలి.

అనకాపల్లి సభ్యురాలు: అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ మీద నా ప్రయత్నం, గురువుగారూ.

తన గదిలోనే దాచెను
మనసున విరిసిన కవితల మడతల పెట్టెన్
అనుజ వెదకి చూపింపగ
చనిపోయిన పిదప పుట్టె చక్కని కవియై

ఆమె 1886లో పోయింది. బతికుండగా అచ్చయినవి పదో పరకో, అవీ పేరు లేకుండా. చెల్లెలు లవీనియా గదిలో వెతికితే కట్టలు కట్టలుగా బయటపడ్డాయి. అన్నీ లెక్కేస్తే 1800కు దగ్గర. మొదటి పుస్తకం 1890లో వచ్చింది.

నిర్వాహకుడు: అమ్మా, ధార చాలా బాగుంది. రెండు మాటలు చెప్తాను. "పెట్టెన్" అని ద్రుతంతో, అంటే చివరి నకారపు పొల్లుతో ఆపి మూడో పాదం అచ్చుతో ఎత్తుకున్నారు, సంధి కలవాల్సిన చోట కలవక విసంధి అయింది. రెండోది, ఆవిడ కాగితాలు ఊరికే మడిచి పెట్టెలో పడేయలేదు. మడతలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచున రెండు కన్నాలు పొడిచి, దారం దూర్చి ముడి వేసింది. అలాంటి చిన్న పుస్తకాలు 40 దాకా ఉన్నాయి. ఆ దారం మీ పద్యంలో కనబడాలి.

డాలస్ సభ్యుడు: నాకు అర్థం దగ్గరే ఇబ్బందిగా ఉంది అక్కయ్యగారూ. అన్ని పద్యాలు రాసి, తన చేత్తో పుస్తకాలు కట్టుకున్న మనిషి చనిపోయాక కవి కావడమేమిటి?

అనకాపల్లి సభ్యురాలు: ఆవిడ ఎప్పుడూ కవే తమ్ముడూ. ఇక్కడ పుట్టడం లోకం దృష్టిలో. అందుకే మూడో పాదంలో "కన" అన్న మాట తెస్తున్నాను. సవరణ చూడండి:

తన గదిలోనే దాచుచు
మనసున విరిసిన కవితల మడతలు కుట్టెన్
ఘనమౌ నిధి చెలియలు గన
చనిపోయిన పిదప పుట్టె చక్కని కవియై

నిర్వాహకుడు: "మడతలు కుట్టెన్" దగ్గర పద్యం నిలబడింది. ఇంక ముట్టుకోకండి.

డాలస్ సభ్యుడు: నేను చావును వేరొకరికి ఇచ్చాను. లండన్ కవి, చిత్రకారుడు రొసెట్టి.

తన కవితల నామె కురుల
నునిచెను శోకము కలచగ నోదార్పునకై
వెనుకకు తీయించెను సతి
చనిపోయిన పిదప పుట్టె చక్కని కవియై

1862లో భార్య ఎలిజబెత్ సిడ్డల్ చనిపోతే, తన పద్యాల నోటుపుస్తకం ఆమె జుట్టు పక్కన పెట్టి పాతిపెట్టాడు. 1869 అక్టోబరులో హైగేట్ శ్మశానంలో రాత్రిపూట తవ్వించి తీయించుకున్నాడు. తాను మాత్రం వెళ్లలేదు. కాగితాలను మందునీళ్లలో తడిపి ఆరబెట్టాల్సి వచ్చింది. 1870లో పుస్తకం అచ్చయింది.

అనకాపల్లి సభ్యురాలు: "సతి"ని మూడో పాదం చివర నిలిపి సమస్యను అవతలి మనిషి మీదికి తిప్పడం గొప్పగా ఉంది. కానీ గోరి మాటే లేదు. కథ తెలియనివాళ్లు ఆమె జడలో పూలు పెట్టాడనుకుంటారు. "పెనుగోరిని త్రవ్వెను; సతి" అంటే సరిపోతుందేమో?

నిర్వాహకుడు: గణాలు కుదిరాయి. "పెను" చోటు నింపడానికి వచ్చిన మాటే, అయినా సమాధి తవ్విన సంగతి దాచడం కంటే అదే మేలు. ఆ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పద్యంలోనూ ఆ నొప్పి ఉండాలి.

కొత్త సభ్యుడు: నమస్కారం గురువుగారూ. మొదటి కందం, టెన్షన్‌గానే పెడుతున్నాను. బెంగాలీ కవి మైకేల్ మధుసూదన దత్తు.

ఘనుడా మధుసూదనుడే
మన మదరాసును విడిచెను మాతృనుడికినై
తనలోని యాంగ్ల సుకవియె
చనిపోయిన పిదప పుట్టె చక్కని కవియై

నిర్వాహకుడు: నాయనా, టెన్షన్ ఎందుకు? యతి, ప్రాస, గణాలు అన్నీ సరిపోయాయి. ఒక్క "మాతృనుడి" మాత్రం వైరి సమాసం, సంస్కృత పదానికి తెలుగు పదం అతికింది. "మాతను దలచెన్" అనండి, వంగమాత అనే ధ్వని కూడా వస్తుంది.

ఈ పూరణ నాకు ఇంకో కారణానికి నచ్చింది. ఆయన 1848 నుంచి 1856 దాకా మద్రాసులో ఉన్నాడు. ఇంగ్లీషు కావ్యం 1849లో అక్కడే అచ్చు వేయించాడు. అది చూసిన బెథూన్ దొర (కలకత్తాలోని ఇంగ్లీషు అధికారి), సొంత భాషలో రాస్తే మేలని కబురు పెట్టాడు. ఆ ఏడాదే స్నేహితుడికి రాసిన ఉత్తరంలో తన దినచర్య చెప్పుకున్నాడు: పొద్దున్నే హీబ్రూ, తర్వాత బడి, ఆపైన గ్రీకు, మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా తెలుగు, సంస్కృతం, సాయంత్రం లాటిన్, రాత్రి ఇంగ్లీషు. ఆయన బెంగాలీలో రాసిన మేఘనాదవధ కావ్యం 1861లో వచ్చింది. అంత్యప్రాసలు వదిలి, పాదం దాటి పారే వాక్యాన్ని బెంగాలీలోకి తెచ్చిన చేతులు ఒకప్పుడు మన ఒత్తులు దిద్దాయి. చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

కొత్త సభ్యుడు: ఆ ఉత్తరం సంగతి నాకు తెలియదు గురువుగారూ. సవరించాను.

ఘనుడా మధుసూదనుడే
మన మదరాసును విడిచెను మాతను దలచెన్
తనలోని యాంగ్ల సుకవియె
చనిపోయిన పిదప పుట్టె చక్కని కవియై