టెక్సాస్ లాంగ్‌హార్న్స్‌లో చేరే కొత్త కుర్రాళ్లు: స్టార్ రేటింగ్ కాక ఇంకేమి చూడాలి?

ఫ్రిస్కో_నివాసి
డిసెంబరులో హైస్కూలు ఆటగాళ్లు కళాశాల జట్లతో సంతకాలు చేసే రోజు రాగానే మన లాంగ్‌హార్న్స్, అంటే టెక్సాస్ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, అభిమానులందరిదీ ఒకటే లెక్క: ఈసారి ఫైవ్ స్టార్‌లు (అత్యున్నత రేటింగ్ దక్కినవాళ్లు) ఎంతమంది? ఆ లెక్కతో నాకు తృప్తి కలగడం లేదు. ముఖ్యంగా అఫెన్స్ (బంతితో దాడి చేసే పక్షం) వైపు వచ్చేవాళ్ల గురించి అడుగుతున్నాను. హైలైట్ వీడియోలు చూస్తే అందరూ మహావీరులే. ఎవరు వెంటనే నిలదొక్కుకుంటారు, ఎవరికి సమయం పడుతుంది అన్నది మీరు దేన్ని బట్టి అంచనా వేస్తారు? ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లు చెప్పండి.

శుక్రవారం_రాత్రి
నేను ముందు లైన్‌మెన్ (ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునేవాళ్లు) పేర్లు చదువుతాను, తరువాతే మిగతావాళ్లు. 2021లో మన జట్టు 5 గెలిచి 7 ఓడింది. ఆ వెంటనే హెడ్ కోచ్ స్టీవ్ సార్కీసియన్, లైన్ కోచ్ కైల్ ఫ్లడ్ కలిసి 2022 బృందంలో ఏకంగా ఏడుగురు అఫెన్సివ్ లైన్‌మెన్‌ను తెచ్చారు. హ్యూస్టన్ పక్కనున్న సమ్మర్ క్రీక్ హైస్కూలు కుర్రాడు కెల్విన్ బ్యాంక్స్ వాళ్లలో ఒకడు. అతను మొదట ఒరెగాన్‌కు మాట ఇచ్చాడు. అక్కడి కోచ్ మారియో క్రిస్టోబాల్ మయామీకి వెళ్లిపోవడంతో మనవైపు వచ్చాడు. తొలి ఏడాదే లెఫ్ట్ టాకిల్ (లైన్‌లో ఎడమ చివర) స్థానం అతనిదైంది. 2024లో కళాశాల లైన్‌మెన్‌కు ఇచ్చే అవుట్‌ల్యాండ్, లొంబార్డి ట్రోఫీలు రెండూ గెలిచాడు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లు కళాశాల ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ అతన్ని తొమ్మిదో ఆటగాడిగా ఎంచుకుంది.

కోల్ హట్సన్ కూడా తొలి ఏడాదే గార్డ్‌గా (లైన్‌లో టాకిల్‌కు లోపలి పక్కన) దిగాడు. డీజే క్యాంప్‌బెల్ ఫైవ్ స్టార్ అయినా 2023 దాకా ఆగాల్సి వచ్చింది. డంకన్‌విల్ కుర్రాడు క్యామరాన్ విలియమ్స్‌కు రైట్ టాకిల్ స్థానం దక్కింది 2024లో. అందరూ ఒకే ఏడాది చేరారు, అందరికీ నేర్పింది ఒకే కోచ్. అయినా ఎవరి గడువు వారిదే. 2023లో 12, 2024లో 13 విజయాలు వచ్చాయంటే ఆ లైన్ బలమే ప్రధాన కారణమని నా గట్టి నమ్మకం. అందుకే కొత్త జాబితా రాగానే నా మొదటి ప్రశ్న: లైన్‌మెన్ ఎంతమంది?

కేటీ_అమ్మ
మా అబ్బాయి హైస్కూల్లో గార్డ్‌గా ఆడతాడు, కాబట్టి నా కళ్లు ఎప్పుడూ లైన్ మీదే. శుక్రవారం గారి మాటకు ఒకటి చేరుస్తాను. కుర్రాడి బరువు చూడకండి, పాదాలు చూడండి. స్నాప్ (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) కాగానే టాకిల్ వెనక్కి వేసే మొదటి అడుగు ఎంత త్వరగా పడుతోంది, మడమలు నేలకు అంటుకుపోతున్నాయా, ఎదుటివాడు దిశ మార్చినప్పుడు కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయా? హైస్కూల్లో 300 పౌండ్ల పిల్లవాడు 210 పౌండ్ల వాడిని ఎత్తి పడేస్తే వీడియో బాగుంటుంది, కానీ దాన్నుంచి తెలిసేది తక్కువ. ఎదుటివాడు ఒకసారి తప్పించుకున్న తరువాత మళ్లీ వాడి ముందుకు ఎలా చేరుకుంటున్నాడో చూస్తే చాలా తెలుస్తుంది. అలాంటివి హైలైట్ వీడియోలో పెట్టరు. పూర్తి ఆట చూడాల్సిందే.

పాత_విద్యార్థి_ఆస్టిన్
లైన్ గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ రేటింగులను మరీ తీసిపారేయవద్దు. ఆటగాళ్లకు రేటింగులు ఇచ్చే 247స్పోర్ట్స్ వెబ్‌సైట్ ఏటా సుమారు 32 మందికే ఫైవ్ స్టార్ ఇస్తుంది, ఎందుకంటే ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండులో ఉండే స్థానాలు 32. బ్యాంక్స్ ఫైవ్ స్టారే. అరిజోనా నుంచి వచ్చిన బిజాన్ రాబిన్సన్ కూడా అంతే, అతను 2022లో ఉత్తమ రన్నింగ్ బ్యాక్‌కు (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) ఇచ్చే డోక్ వాకర్ అవార్డు గెలిచి మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో ఎనిమిదో ఆటగాడిగా అట్లాంటా జట్టుకు వెళ్లాడు. వందల ఆటలు చూసి ఇచ్చిన అంచనాలో సరుకు ఉంటుంది. మనం అడగాల్సింది రేటింగ్ ఎవరిని చూడలేకపోయింది అని.

సాన్ ఆంటోనియో_గ్యాలరీ
దానికి జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. వెస్ట్ కొలంబియా కుర్రాడు క్యామ్ వార్డ్ హైస్కూలు జట్టు వింగ్-టీ పద్ధతిలో ఆడేది, అంటే ఎక్కువగా పరుగే. వార్డ్ లాంటి క్వార్టర్‌బ్యాక్‌కు (అఫెన్స్‌ను నడిపేవాడు) బంతి విసిరే అవకాశమే అరుదు. పెద్ద కళాశాలలేవీ పట్టించుకోలేదు. మా ఊరి ఇన్‌కార్నేట్ వర్డ్ విశ్వవిద్యాలయం తీసుకుంది. అక్కడినుంచి వాషింగ్టన్ స్టేట్, తరువాత మయామీ, చివరికి 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాడు. కాబట్టి క్వార్టర్‌బ్యాక్ గణాంకాలు చూసేముందు అతని జట్టు ఏ పద్ధతిలో ఆడుతుందో చూడాలి. ఎక్కువ గజాలు కనబడినా, తక్కువ కనబడినా అందులో సగం కోచ్ నిర్ణయమే.

బర్నెట్ ఆరెంజ్_78
రన్నింగ్ బ్యాక్‌ల గురించి నేను చెబుతాను. జొనాథన్ బ్రూక్స్ హాలెట్స్‌విల్ అనే చిన్న ఊరి నుంచి 2021లో వచ్చాడు. బిజాన్, రోషాన్ జాన్సన్ ఉండగా రెండేళ్లు ఎవరూ తలచుకోలేదు. 2023లో వంతు రాగానే 1,139 గజాలు పరుగెత్తాడు. నవంబరులో మోకాలి గాయమైనా 2024 డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు ఎంపికైన రన్నింగ్ బ్యాక్ అతనే. అదే 2023లో ఎంతో పేరుతో వచ్చిన సీజే బ్యాక్స్‌టర్ మోకాలి గాయంతో 2024 సీజన్ అంతా కోల్పోయాడు. అది ఆ కుర్రాడి లోపం కాదు. అందుకే ఒకరి మీదే ఆశలన్నీ పెట్టుకోకుండా ఆ స్థానానికి ఎంతమంది ఉన్నారో చూస్తాను. ఇంకొకటి: క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే ఎదుటి జట్టు లైన్‌బ్యాకర్‌ను ఎదురెళ్లి ఆపగలడా? అది రాని కుర్రాడు ఎంత వేగంగా పరుగెత్తినా మూడో డౌన్‌లో (పది గజాల కోసం చేసే మూడో ప్రయత్నంలో) పక్కన కూర్చోవాల్సిందే.

ఫ్రిస్కో_నివాసి
చాలా సంతోషం. మరి రిసీవర్లు (విసిరిన బంతిని పట్టేవాళ్లు)? సన్నగా ఉన్నవాళ్లను చూస్తే నాకు భయం.

శుక్రవారం_రాత్రి
మన జేవియర్ వర్తీని చూశాక నాకు ఆ భయం పోయింది. తొలి ఏడాది, 2021లో, 62 క్యాచ్‌లు, 981 గజాలు, 12 టచ్‌డౌన్‌లు. 2024 కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు ఎన్ఎఫ్ఎల్ పెట్టే పరీక్షలు) 40 గజాలు 4.21 సెకన్లలో పరుగెత్తి రికార్డు సృష్టించాడు, అప్పటికి అతని బరువు 165 పౌండ్లు. సన్నటివాడైతే ముందు ఒకటి చూడండి: రిసీవర్‌ను కాపు కాసే కార్నర్‌బ్యాక్ ముఖాముఖి నిలబడి చేతులతో నెట్టినప్పుడు అడుగులతో తప్పించుకుంటున్నాడా, లేక అక్కడే చిక్కుకుపోతున్నాడా? వేగం ఎంతో తెలుసుకోవాలంటే క్యాంపుల్లో చేతి గడియారంతో తీసిన సమయాలు నమ్మకండి. స్కూలు ట్రాక్ పోటీల్లో 100 మీటర్ల సమయం దొరికితే అదే నమ్మదగినది.

పాత_విద్యార్థి_ఆస్టిన్
ఓపిక గురించి కూడా చెప్పాలి. ఆర్చ్ మానింగ్ 2023 బృందంలో దేశంలోనే మొదటి ర్యాంకు కుర్రాడు. అయినా క్వార్టర్‌బ్యాక్ స్థానంలో క్విన్ ఎవర్స్ వెనుక రెండేళ్లు ఆగాడు, 2024లో ఎవర్స్ గాయపడినప్పుడు రెండు ఆటల్లో మొదటి నుంచి దిగాడంతే. ఆటగాళ్లు కళాశాల మారేందుకు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉన్న ఈ కాలంలో అలా ఆగేవాళ్లు అరుదు. 2025 నుంచి జట్టుకు 105 మంది పరిమితి కూడా వచ్చింది. మూడేళ్లు పట్టే లైన్‌మన్‌ను తెచ్చుకుంటే అతన్ని అంతకాలం నిలబెట్టుకోగలమా అన్నది ఇప్పుడు అంచనాలో భాగం కావాలి. ఈ మార్పు నాకు బాధగానే ఉంది.

కేటీ_అమ్మ
ఫ్రిస్కో గారూ, మీకు దగ్గరే కాబట్టి ఒక సలహా. డిసెంబరులో రాష్ట్ర హైస్కూలు ఫైనల్స్ ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో జరుగుతాయి. సైడ్‌లైన్ దగ్గర కాకుండా ఎండ్ జోన్ (మైదానం చివరి భాగం) వెనుక, పై వరుసల్లో కూర్చోండి. బంతిని వదిలేసి ఒక టాకిల్‌ను ఎంచుకుని రెండో అర్ధభాగమంతా అతన్నే చూడండి. నాలుగో క్వార్టర్‌లో, అలసిపోయాక, అతని మొదటి అడుగు ఎలా పడుతోందో ఇక్కడ రాయండి.