జింజర్‌లో ఉన్నది మన 'వేరు' మాటేనా?

అల్లాన్ని ఇంగ్లీషులో పిలిచే 'జింజర్' అనే మాట గ్రీకు 'జింగిబెరిస్' నుంచి లాటిన్ మీదుగా వచ్చింది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ దీని గురించి రాస్తూ, మిరియాల రుచి ఉంటుందన్నాడు. ఇంతవరకు పేచీ లేదు. నా అనుమానమంతా గ్రీకుకు ముందు సంగతి మీదే.

సంస్కృతంలో 'శృంగవేరం', పాళీలో 'సింగివేర'. శృంగం అంటే కొమ్ము కాబట్టి ఆ ఆకారాన్ని బట్టి పేరొచ్చిందని ఒక మాట. (మనమూ శొంఠి కొమ్ము అనే అంటాం కదా, మరీ కొట్టిపారేయలేం.) కానీ ఇది ద్రావిడ పదమని, తమిళ, మలయాళాల్లోని 'ఇంజి'కి (అంటే అల్లం) 'వేర్' (వేరు) చేరి పుట్టిందని, కొమ్ము అర్థం తర్వాత అతికించారని చాలామంది భాషావేత్తలు అంటారు. నాకూ అదే నమ్మబుద్ధేస్తోంది.

అలాగైతే 'సింగివేర' మొదట్లోని 'స' ఎలా వచ్చింది? 'ఇంజి'కి మొదట్లో 'చ' ఉండేదని, తమిళంలో పదాది 'చ' ఊడిపోయిందని అంటారు. దానికి మంచి ఉదాహరణలు చెప్పగలరా? తెలుగులో 'వేరు' ఉంది, మరి 'ఇంజి'కి సాటి మాట పాత కావ్యాల్లోగానీ, ఏదైనా మాండలికంలోగానీ మీకు తగిలిందా? పుస్తకం పేరు చెబితే వెతుక్కుంటాను.